నత్త గుల్లకు గుడ్డు పొర

పశువుల ఆసుపత్రి డాక్టరు నా చేతిలోని స్టీలు గిన్నెలోకి తొంగి చూసి నవ్వాడు. గిన్నె అడుగున కొద్దిగా నీళ్లు, అందులో పెద్ద ఉసిరికాయంత పసుపుపచ్చ నత్త. గుల్ల మీద, నోటికి కాస్త వెనకగా, చిటికెన వేలి గోరంత చిల్లు. చిల్లులోంచి లోపలి మెత్తటి కండ కనిపిస్తూ ఉంది.

“పెద్దాయనా, గేదెలకే మందుల్లేక అల్లాడతాండాం. దీనికి కట్టు కట్టమంటావా?”

“కట్టొద్దు సార్. అతుకు ఎట్టా వెయ్యాల్నో తెలిస్తే చెప్పండి, నేనే వేసుకుంటా.”

నా వెనక మేకను తాడుతో పట్టుకుని నిలబడ్డ ఆమెకు నోరు ఆగలేదు. “పులుసు పెట్టుకో అన్నా. మూలశంకకి మంచిదంట.”

“నీకుంటే నువ్వు పెట్టుకోమ్మా. నాకు లేదు,” అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వడం తప్పని నేను అనను. కానీ ఆ నత్త ఎవరిదని గానీ, ఈ ముసలోడు ఎండలో దాన్నెందుకు మోసుకొచ్చాడని గానీ ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ని. అది మా అక్క కంటిచూపు.

ఈ మాట అందానికి రాయడం లేదు. మా అక్కకు కుడి కన్ను చిన్నతనంలోనే పోయింది. ఎడమ కంటికి ముసలితనంలో నీటికాసులు పట్టాయి. చుట్టూ చూపు కొంచెం కొంచెంగా హరించుకుపోయి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కాస్త మిగిలింది. అదీ మసకే. కంటి శిబిరం పెట్టినవాళ్లు ఆమెకు శాలువా కప్పి, ఫోటో తీసి, కళ్లద్దాలు ఇచ్చి పంపారు. లేని కంటికీ అద్దం, ఉన్న కంటికీ అద్దం. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మాత్రం, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందో తాను చెప్పలేననీ అంది. అంతమందిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఆమెకు దండం పెట్టి వచ్చాను.

మనుషుల మొహాలు అక్కకు ఆనవు. తెల్ల అన్నం ఎక్కడ ముగిసి పళ్లెం ఎక్కడ మొదలైందో వేళ్లతో తెలుసుకుంటుంది. కానీ కిటికీ ముందు పెట్టిన అద్దాల తొట్టిలో, వెనకనుంచి వెలుతురు పడుతుంటే, గాజు మీద పాకే ఆ పసుపు నత్త మాత్రం ఆమెకు కనిపించేది. పొద్దున మొహం కడుక్కోగానే కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కుని, ముక్కు గాజుకు తగిలేంతగా వంగి వెతికేది.

“ఇదిగో, కింద మూలలో ఉండాది. కాదు, పైకెక్కతాండాది. అవునా?”

నేను వంటింట్లోంచి వచ్చి చూసి అవునంటే, ఆ రోజుకు ఆమెకు చూపు ఉన్నట్టు. “అది కనపడినన్నాళ్లు నేను గుడ్డిదాన్ని కాదురా అబ్బయా,” అనేది. మొదటి రోజే నాతో ఒక ఒప్పందం చేసుకుంది. “నాకు కనపడకపోతే కనపళ్లేదనే చెప్పు. పాస్టరుగారినడిగితే, కనపడతాదమ్మా విశ్వసించు అంటాడు. పక్కింటామె జాలిపడి ఊ కొడతాది. నీ నోట్లో జాలి లేదు గాబట్టి నిన్నడుగుతాండా.”

నిజమే. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని. అందుకే ఈ వీధిలో నాతో కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు తక్కువ.

మేమిద్దరం ఉండేది సూళ్లూరుపేట చివర, రైలు కట్టకు అవతల. ఆమెకు పెనిమిటి లేడు, నాకు భార్య లేదు. పై వాటాలో అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగం చేసే కుటుంబం అద్దెకుండేది. బదిలీ మీద పోతూ, లారీలో పగిలిపోతుందని ఆ తొట్టిని మాకు వదిలి పోయారు. అందులో రంగు చేపలు కొన్ని, ఈ నత్త ఒకటి. ఎండాకాలం కరెంటు పోయి గాలి మోటారు ఆగినప్పుడు చేపలన్నీ తేలిపోయాయి. నత్తకు ఏమీ కాలేదు. అది నీళ్లలోంచి చిన్న తొండం పైకి చాచి గాలి పీల్చుకుంటుంది. “దీనికి మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు అక్కర్లేదు. నాలాంటిదే,” అని అక్క ఆ రోజే దాన్ని తనదనుకుంది.

దానికి నీళ్లు పోసింది నేను. ఆ సంగతి చెప్పాలంటే మా నీళ్ల సంగతి చెప్పాలి.

మా బోరులో ఒకప్పుడు కొబ్బరి నీళ్లలాంటి నీళ్లు పడేవి. తూర్పున వరి చేలన్నీ రొయ్యల గుంటలయ్యాయి. గుంటల్లో నిలబెట్టిన ఉప్పు నీళ్లు భూమిలోకి దిగి, మెల్లగా మా బావుల దాకా నడిచి వచ్చాయి. అన్నం ఉప్పు వెయ్యకుండానే ఉప్పగా ఉడకడం మొదలైంది. అర్జీలు రాశాను. బడికి పోనివాడు రాసిన అర్జీ గదా అని కూడా కాదు, ఎవరు రాసినా అదే గతి. ఆఫీసులో ఒక గుమాస్తా, “పెద్దాయనా, వీధికో నీళ్ల ప్లాంటు పెట్టినారు గదా, ఇంకేం కావాల?” అన్నాడు. బావిని చెడగొట్టినవాళ్లే ఆ పక్కన నీళ్లు వడగట్టి డబ్బాల్లో అమ్ముతుంటే, దాన్ని సదుపాయం అంటున్నారు. నేను ఆ డబ్బా మోసుకొచ్చి తాగుతున్నాను కాబట్టి నాకూ కోపం వచ్చే హక్కు సగమే మిగిలింది.

నత్తకు ఉప్పు నీళ్లు పడవని పై వాటావాళ్లు చెప్పి పోయారు. అందుకని మేం తాగే డబ్బా నీళ్లే తొట్టిలోనూ పోసేవాణ్ని. ఇంట్లో ఉన్నవాటిలో మంచివి అవే. కీరకాయ ముక్క, ఉడకబెట్టిన పాలకూర వేసేవాణ్ని. తింటూనే ఉండేది. కొన్నాళ్లకు గుల్లకు మెరుపు తగ్గింది. కొన దగ్గర తెల్లగా కొరుక్కుపోయింది. చూశాను. మనిషికి జుట్టు నెరిసినట్టు దానికీ వయసొచ్చిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అది తొట్టి అంచు దాటి బయటికి పాకి, కిటికీ కిందున్న నాపరాయి మీద పడింది. నేను పెరట్లో ఉన్నాను. అక్క పిలిచింది.

“అబ్బయా, ఏందో పడింది. గాజులు పగిలినట్టు చప్పుడైంది. కాలు కదపలా నేను, తొక్కతానేమోనని.”

వచ్చేసరికి ఆమె రెండు కాళ్లూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె కాలు ఉండే చోటే నత్త పడి ఉంది. పక్కన గుల్ల పెచ్చు నాలుగు ముక్కలు. మంచి గుల్ల అంత ఎత్తునుంచి పడితే పగలదు. నేను గుల్లల మధ్య పెరిగినవాణ్ని, నాకు తెలుసు. ఒక ముక్కను వేళ్లతో నొక్కితే అప్పడంలా విరిగింది.

పశువుల డాక్టరు దగ్గరినుంచి వెనక్కి వచ్చేటప్పుడు దారిలో నాకు గుడ్డు పొర గుర్తుకొచ్చింది.

మా అమ్మా నాన్నా సున్నపు బట్టీలో పనిచేశారు. పులికాట్ సరస్సు అడుగున, బురద కింద, ఎన్ని తరాల గుల్లలు పేరుకున్నాయో ఎవరికీ తెలియదు. వాటిని కాళ్లతో తడిమి, తట్టలతో ఎత్తి, కడిగి పడవల్లో ఒడ్డుకు చేర్చేవాళ్లు. బట్టీలో బొగ్గు ఒక వరస, గుల్ల ఒక వరస పేర్చి కాల్చేవాళ్లు. కాలిన గుల్ల మీద నీళ్లు చల్లితే బుసకొట్టి, ఆవిరి చిమ్మి, తెల్లటి పిండిగా విచ్చుకునేది. ఈ చుట్టుపక్కల పాత ఇళ్లు ఆ సున్నంతో కట్టినవే. గోడలు చూసి మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సున్నం తొక్కిన కాళ్ల పగుళ్లను మెచ్చుకున్నవాళ్లు అప్పుడూ లేరు. మా అందరికీ ఒంటి మీద ఎక్కడో ఒకచోట సున్నం కాటు ఉండేది. కాటు పడిన చోట అమ్మ కోడిగుడ్డు పగలగొట్టి, పెంకు లోపల అంటుకుని ఉండే పల్చటి పొర ఒలిచి అతికించేది. ఆరితే అది బిగుసుకుని, ఊడమన్నా ఊడేది కాదు. గుడ్డు మాత్రం కూరకు పోయేది. మాకు దక్కేది పొర.

అక్క కుడి కన్ను పోయిందీ ఆ బట్టీలోనే. నీళ్లు చల్లుతుంటే పొంగిన సున్నపు పెళ్ల ఎగిరి కంట్లో పడింది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ నీళ్ల కుండ ఎత్తింది. బట్టీ యజమాని అరిచాడు, నీళ్లు పోస్తే కన్ను ఉడికిపోతుందని. అందరూ అవునన్నారు. సున్నం మీద నీళ్లు పడితే ఏమవుతుందో రోజూ కళ్లతో చూసేవాళ్లం గదా. అమ్మ కుండ దించేసింది. కంట్లో ఆముదం పోసి, గుడ్డ కట్టి, మూడు ఊళ్ల అవతలి ఆసుపత్రికి ఎడ్లబండిలో తీసుకుపోయారు. చేరేసరికి ఆ కన్ను ఉడికించిన గుడ్డులా తెల్లబడి ఉంది.

నేను చదువు నేర్చుకున్నది పొట్లాం కాగితాల మీద. తరవాత పాత పుస్తకాల అంగట్లో అట్ట లేని పుస్తకాలు కొనుక్కుని చదివాను. ప్రథమ చికిత్స పుస్తకం ఒకటి దొరికింది. కంట్లో సున్నం పడితే ముందు పెళ్ల తుడిచేసి, ఆ వెంటనే, ఆపకుండా, చాలాసేపు మంచినీళ్లతో కడగాలని అందులో రాసి ఉంది. ఆ పేజీ దగ్గర ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. అక్క ఎప్పుడూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పడం నిజం చెప్పడం కిందికి రాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చి గుడ్డు పగలగొట్టాను. అక్క అంది, “నువ్వు చూసి అతికించు, నేను పట్టుకుంటా. నీ చేతులు వణకతాయి.”

ఆమె నత్తను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుంది. అది లోపలికి ముడుచుకుని, నోటికి తన మూత బిగించుకుంది. చిల్లు చుట్టూ తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాను. పొరను చిల్లు కంటే కాస్త పెద్దదిగా కత్తిరించాను. చెప్పుల అంగట్లో వాడే చిన్న ట్యూబు జిగురు, వేళ్లు తగిలితే వేళ్లూ అతికిపోయేది, దాన్ని అగ్గిపుల్ల కొసతో చిల్లు అంచుల వెంబడి మాత్రం రాశాను. లోపలి కండకు తగలకూడదు. పొర పరిచి, దాని మీద పల్చటి పెంకు ముక్క ఒకటి, మళ్లీ పొర. ఇంటి పైకప్పుకు పెంకు నేసినట్టే.

“ఊపిరి పీలుస్తాండాదా?”

“మూత వేసుకోనుండాది. నాకెట్టా తెలుస్తాది?”

“నా వేలికి తెలుస్తాండాది. లోపల రవ్వంత కదిలింది. నువ్వు మాట్లాడబాక, భయపడతాది.”

జిగురు ఆరేదాకా ఆమె అలాగే పట్టుకుని కూర్చుంది. ఆమె చేతులు రాయిలా కదలలేదు.

తొట్టిలోకి దించాక అది అడుగున కదలకుండా పడి ఉంది. మర్నాడూ అంతే. అక్క పొద్దున కుర్చీలో కూర్చుని చాలాసేపు వెతికింది.

“అబ్బయా, నత్త ఆగిందా, నా కన్నాగిందా?”

“నత్తే ఆగింది. నీ ముక్కుకు నేరుగా కింద, రాళ్ల మీద ఉండాది.”

“ఎప్పుడూ పసుపుగా ఒక చుక్క కదిలేది. కదలకపోతే రాయికీ దానికీ తేడా తెలియడం లా.” గాజు మీంచి మొహం తిప్పి, “అది చచ్చిపోతే నాకెట్టా తెలుస్తాదిరా, ఏది పోయిందో?” అంది.

నేను కీరకాయ ముక్క ఒకటి కోసి దాని ముందు వేశాను.

ఆ తరవాతి రోజు అది మూత తెరిచి, మీసాలు చాచి, గాజు ఎక్కింది. తెల్లటి అతుకు దాని వీపు మీద పిండి కట్టులా కనిపించింది. అక్క, “అదిగో అదిగో, పోతాండాది, ఎడం పక్కకి పోతాండాది,” అని గాజు మీద వేలు పెట్టి దానితోపాటు జరిపింది. ఆమె వేలూ నత్తా ఒకేచోట ఉన్నాయి. అవునని చెప్పాను. ఆ పూట ఆమె పాటలు పాడుకుంది. ఆమె గొంతుకు శ్రుతి లేదు. ఆదివారం చర్చిలో కూడా పక్కవాళ్లు కాస్త ఎడంగా జరుగుతారు. ఆ రోజు మాత్రం ఆపమనలేదు.

అతుకు వేసినంత మాత్రాన సరిపోదని నాకు తెలుసు. గుల్ల ఎందుకు అప్పడమైందో తెలియకపోతే రేపు ఇంకోచోట విరుగుతుంది. రైలెక్కి నెల్లూరు పోయి, రంగు చేపలు అమ్మే అంగడి వెతుక్కుని అడిగాను. ఆ అంగడివాడు ఫోను చెవిన పెట్టుకునే అడిగాడు. “ఏ నీళ్లు పోస్తుండావు తాతా?”

“డబ్బా నీళ్లు. మేం తాగేవే.”

“అదే మరి. దాంట్లో సున్నం లాగేసుంటారు. నీళ్లకు సున్నం కావాల గదా, యాడుంటే ఆడినుంచి తీసుకుంటాది. గుల్లలోంచి తీసుకుంటాండాది.” ఫోనులో ఎవరికో ఆగమని చెప్పి, “సముద్రపు నురుగు ముక్క ఒకటి వెయ్యి. కరిగినంత కరగతాది. సరిపోతాది,” అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. మనుబోలు దాటేదాకా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. పళ్లు పటపటమన్నాయి కాబోలు, ఎదురు సీటాయన జరిగి కూర్చున్నాడు. చుట్టూ సున్నం తప్ప ఇంకేమీ లేని సరస్సు ఒడ్డున పుట్టిన మనుషులం. మా ఇంట్లో ఒక నత్త సున్నం లేక కరిగిపోయింది, అదీ మేం ప్రేమగా పోసిన నీళ్లలో. ఈ నీళ్లే ముసలిదానికీ పోస్తున్నాను, నేనూ తాగుతున్నాను.

ఇంటికొచ్చి అక్కకు ఒక్క మాట చెప్పాను. “దానికి సున్నం చాల్లేదంట. అందుకే గుల్ల విరిగింది.” రేపు సముద్రపు ఒడ్డుకు పోయి కావలసింది తెస్తానన్నాను. ఏం తెస్తానో చెప్పలేదు. అలసిపోయి ఉన్నాను.

సముద్రపు నురుగంటే నిజంగా నురుగు కాదు. నీళ్లలో చచ్చిన కందవ అనే మెత్తటి సముద్రపు జీవి లోపలి ఎముక. తెల్లగా, తేలికగా, అలలకు కొట్టుకొచ్చి ఒడ్డున పడుతుంది. మర్నాడు బస్సు దిగి, ఆటో దిగి, ఇసకలో వంగి ఏరుతుంటే, పడవల పక్కన వల బాగుచేస్తున్న ముసలామె చూసింది.

“ఏందన్నా ఏరతాండావు? పిల్లల చెవిలో చీముకి మందుకా?”

“నత్తకి. గుల్ల విరిగింది.”

ఆమె వల పక్కన పెట్టి నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. “నత్తకా? మా కోడలికి నడుము విరగతాండాది, దానికెవురేరతారు?” అంటూనే లేచి, తన గుడిసె చూరులో దాచిన మంచి ముక్కలు రెండు తెచ్చి ఇచ్చింది. “ఇవి పగలనివి. తీసకపో. బతికితే నాకొచ్చి చెప్పు.”

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క తొట్టి ముందు కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“వచ్చినావా అబ్బయా.”

“వచ్చినా.”

“నా కన్ను పోయిందిరా.” గొంతులో ఏడుపు లేదు. రోజూ వాడే తాళంచెవి పోయిందని చెప్పినట్టు చెప్పింది. “పొద్దన్న కనపడింది. మళ్లీ వచ్చి కూర్చుంటే అంతా తెల్లగా ఉండాది, పాలల్లో చూసినట్టు. నత్తా లేదు, రాళ్లూ లేవు. ఎట్టాగూ పోయేదే గదా. ఏడవలా నేను.”

తొట్టి వైపు చూశాను. మజ్జిగ పోసినట్టు తెల్లగా ఉంది. కిటికీ గూట్లో ఆమె వక్కాకు పెట్టె తెరిచి ఉంది. అందులో సున్నం డబ్బీ. వేలితో గీకి గీకి, అడుగు రేకు కనిపించేలా ఖాళీ చేసి ఉంది.

కన్నే పోయిందని ఊరుకుంటే, నత్తను తనే చంపుకున్నానని ఆమెకు ఎన్నటికీ తెలియదు. కన్ను ఉందని చెబితే ఆ తెలుపు ఎక్కడిదో చెప్పాలి. ఈ రెండింటి మధ్య నిలబడడానికి సమయం లేదు. ముందు చెయ్యి తొట్టిలో పెట్టాను. నీళ్లు జారుడుగా వేళ్ల మధ్య సబ్బులా తగిలాయి. బట్టీలో పెరిగినవాడికి ఆ జారుడు తెలియకుండా ఉండదు. నత్త దొరికింది. మూత సగం తెరుచుకుని, కండ బయటికి జారి, జిగట కారుతూ ఉంది. దాన్ని గిన్నెలో పెట్టి తాగే నీళ్ల డబ్బా మొత్తం దాని మీద కొంచెం కొంచెంగా పోశాను.

“ఏందిరా ఆ చప్పుడు? ఏం పోస్తుండావు?”

“నీ కన్ను పోలేదక్కా. తొట్టిలో నీళ్లు తెల్లబడినాయి. నీకు కనపడింది ఆ తెలుపే. నిజంగా ఉండేదే నీకు కనపడింది.”

ఆమె మొహం ఒక్క క్షణం విచ్చుకుంది. నేను చూశాను ఆ క్షణాన్ని. తరవాత చెయ్యి ముందుకు చాచి, తొట్టి అంచు తడిమి, వేళ్లు నీళ్లలో ముంచి, బొటనవేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది.

“సున్నం చాల్లేదంటివి గదరా,” అంది. “నా డబ్బీలో ఉండేదంతా ఊడ్చి పెట్టినా. ఈ పొద్దు నేను ఆకు కూడా వేసుకోలా, దానికి తక్కువైతాదేమోనని.”

“నాదే తప్పు. సరిగ్గా చెప్పలా.”

“బతికుండాదా?”

“కడగతాండా.”

“నీళ్లతోనా?” ఆమె గొంతు మారింది. “నీళ్లు పోస్తే ఉడికిపోదా?”

“పోదక్కా. సున్నం పడితే నీళ్లతోనే కడగాల. ఆపకుండా కడగాల.”

“ఎవరు చెప్పినారు?”

“పుస్తకంలో ఉండాది.”

“ఎప్పుడు చదివినావు?”

“చానా కాలమైంది.”

ఆమె తడి వేళ్లు కొంగుకు తుడుచుకుని, ఆ చేత్తోనే కుడి కంటి రెప్ప మీద, ఏమీ లేనిచోట, మెల్లగా రాసుకుంది. బయట చెన్నై రైలు పోయింది. అది పోయినంతసేపూ ఇంట్లో గిన్నెలు మోగాయి. “అమ్మ కుండ ఎత్తింది గదరా,” అంది రైలు పోయాక.

సాయంత్రానికి నత్త మూత వేలాడిపోయింది. పుల్లతో తాకితే ముడుచుకోలేదు. అయినా చీకటి పడేదాకా నీళ్లు మారుస్తూనే ఉన్నాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు, మానెయ్యమనీ అనలేదు. మేమిద్దరం బట్టీలో పెరిగాం. గుల్ల కాలితే సున్నమవుతుందని మాకు ఊహ తెలియకముందే తెలుసు. కాలిన సున్నం మళ్లీ గుల్ల కావాలంటే ఒక ప్రాణి లోపల కూర్చుని ఎన్నాళ్లు పనిచెయ్యాలో మాకు ఎవరూ చెప్పలేదు. ఆ వైపు పని చూడడానికి మమ్మల్ని ఎవరూ పెట్టుకోలేదు.

మర్నాడు వాసన మొదలయ్యాక కండను పెరట్లో పూడ్చి, గుల్లను కడిగి తెచ్చాను. అక్క చెయ్యి చాచింది. అరచేతిలో పెట్టాను. బొటనవేలు గుల్ల చుట్టూ తిరిగి అతుకు దగ్గర ఆగింది. గోటితో అంచు లేపడానికి చూసింది. లేవలేదు.

“అమ్మ అతికించినట్టే అతికించినావు. ఊడలా.”

ఇంకో నత్తను తెస్తానన్నాను. వద్దంది. “దాన్నీ ఏదో ఒకటి చేస్తాం మనం.” గుల్లను నా చేతిలో పెట్టి, “దీన్నే కిటికీ గూట్లో పెట్టు. రోజూ పొద్దన్న తీసి వేరే చోట పెట్టు. ఎక్కడుండాదో నేను చెప్తా. ఒప్పందం పాతదే,” అంది.

అలాగే చేశాను. తొట్టి ఖాళీ చేసి పెరట్లో బోర్లించాను. సముద్రపు నురుగు ముక్కలు రెండూ అటక మీద ఉన్నాయి. వల బాగుచేసే ఆమెకు కబురు చెప్పడానికి నేను పోలేదు. నత్త బతికితేనే గదా ఆమె చెప్పమంది. రోజూ పొద్దున కాఫీ పెట్టే ముందు గుల్లను గూట్లో ఒకచోట పెట్టేవాణ్ని, ఒకరోజు గొళ్లెం పక్కన, ఒకరోజు ఎడమ చివర, ఒకరోజు మధ్యలో. అక్క వంగి వెతికి చెప్పేది. కదలని వస్తువు కాబట్టి ఎక్కువసేపు పట్టేది. ఒక్కోసారి తప్పు చెప్పేది. తప్పంటే తప్పనే చెప్పేవాణ్ని. మళ్లీ వెతికి సరిగ్గా చెప్పేది. వానాకాలం అంతా ఇలా గడిచింది. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ఆలస్యమయ్యేది. ఎండ బాగా కాస్తే ఇద్దరికీ కాస్త తేలికగా ఉండేది.

మొన్న ఎండ బాగా కాసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుల్లను కుడి పక్క, గొళ్లెం దగ్గర, వెలుతురు నేరుగా పడే చోట పెట్టాను. ఆమె కుర్చీ లాక్కుని, గూటి మీదికి వంగి, చాలాసేపు చూసింది. ఊపిరి కిటికీ అద్దం మీద ఆవిరి కట్టింది. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది.

“ఎడం పక్క, చివరన,” అంది.

అది నిన్నటి చోటు.

“ఉండాదా అబ్బయా?”

నేను చెయ్యి చాచి, గుల్లను చప్పుడు కాకుండా గొళ్లెం దగ్గరినుంచి ఎత్తి, ఎడం పక్క, చివరన పెట్టాను.

“ఉండాదక్కా,” అన్నాను.